నెమ్మది

ఓడలరేవు దగ్గర సరుగుడు తోట కొట్టేసిన రోజు
ముందుకాలు నలిగి, మోపులో కట్టుబడి వచ్చింది.
"కాలు అతికేదాకా ఉంచండమ్మా, ఆనక మేమే వచ్చి తీసుకెళ్తాం"
అన్నాడు ఫారెస్టు గార్డు చిట్టబ్బులు.
కాలు అతికింది. అతను రాలేదు.
రిజిస్టరులో పేరు లేని ప్రాణి నా దగ్గర ఉండకూడదు గనక
నెమ్మది అని రాసుకున్నాను.

"ఊసరవెల్లండీ బాబూ, నమ్మకండి, రంగులు మార్చుద్ది"
గుమ్మంలోంచే చెంబు అందుకుని వెళ్ళిపోయింది పాల సూరమ్మ.
పద్దెనిమిదేళ్ళ ఏఎన్నెమ్ముని నేను.
"బానే ఉన్నానండి" అంటూ
నెత్తురు లేని గోళ్ళు కొంగులో దాచుకునేవాళ్ళని చూశాను.
ఇది దాచుకోదు.
చలేస్తే నలుపు, నిద్రొస్తే లేతాకు,
ముట్టుకోకు అంటే ఒంటి నిండా పసుపు చుక్కలు.
ఇంత నిజం చెప్పే ఒంటిని
తిట్టు కింద వాడుకుంటున్నాం.

గిన్నెలో నీళ్ళు పెడితే చూడనైనా చూడదు.
కదిలే చుక్కే దానికి నీరు.
ఖాళీ సెలైన్ సీసాలో వాననీళ్ళు పోసి
(మా బావి ఉప్పు)
మందారాకు మీదికి నిమిషానికి పది చుక్కలు వదిలాను.
ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను నా మీద.
రెట్ట తెల్లగా పడితే సరే.
పసుపు తిరిగినా, కళ్ళు గుంటపడినా
డ్యూటీ తప్పింది నేనే.

ఏడింటికి దోమతెర గూడుతో సహా ఎండలోకి,
ఎనిమిదిన్నరకి నీడలోకి.
మిడత మీద కాల్షియం బిళ్ళ పొడి, చిటికెడు.
మొదట్లో మా గోదారి మర్యాద చూపించాను:
ఇంకొక్కటి, ఇంకొక్కటే, నామీద ఒట్టు.
పశువుల డాక్టరు రామభద్రరాజు గారు
దాని పొట్ట తడిమి నా మీద కేకలేశారు.
"ఆడదమ్మా ఇది. మగది లేకపోయినా గుడ్లు కడుతుంది.
నువ్వు పెట్టే ప్రతి మిడతా ఒక గుడ్డు.
అన్నిటికీ సున్నం ఎక్కణ్ణించి తెస్తుంది? ఎముకల్లోంచి.
కాస్త ప్రేమ తగ్గించు."

తగ్గించాను. రెండ్రోజులకోసారి, నాలుగు.
అప్పటికే ఆలస్యం.
శ్రావణంలో తిండి మానేసింది.
కొమ్మ దిగి నేల మీద తిరుగుతూ
తెర మూలల్ని గోకడం మొదలెట్టింది.

పెయింటు బకెట్టులో లంక ఇసక, జానెడున్నర లోతు.
పిడికిట పడితే సున్నుండలా నిలవాలి,
వేళ్ళ సందున నీరు కారకూడదు.
దించాను. తవ్వింది. ఆగింది.
నన్ను చూసింది.
గుంట వదిలేసి కొమ్మెక్కింది.
మర్నాడూ అంతే.
ఫోన్లో డాక్టరు గారు: "ఎవరైనా చూస్తున్నారా?"
"ఎవరూ లేరండి, నేనే"
అన్నాక నాకే వినపడింది.

మా సబ్‌సెంటరు కాన్పు గదికి గడియ లేదు.
అత్తగారు తలుపు తోసుకుని చూస్తుంది,
ఆడపడుచు చూస్తుంది, ఫ్లాస్కు పట్టుకొచ్చిన కుర్రాడు చూస్తాడు.
ఆ పిల్ల కాళ్ళు దగ్గరికి లాక్కుంటుంది.
వచ్చే నొప్పి వెనక్కి పోతుంది.
"సహకరించడం లేదు" అని రాసేదాన్ని,
గుండ్రటి అక్షరాలతో.

పాత చీర ఒకటి తెర చుట్టూ కట్టి
వంటింట్లో పీట మీద, గోడకేసి తిరిగి కూర్చున్నాను.
ఇసక రాలే చప్పుడు.
కాసేపు ఏమీ లేదు.
మళ్ళీ ఇసక.
ఆ తర్వాత వాన పట్టుకుంది, ఏదేదో తెలియలేదు.
వెనక్కి తిరగకుండా ఉండటం
నేను ఇంతవరకు చేయని పని.

తెల్లారి చూస్తే బకెట్టు చదునుగా ఉంది,
ఎవరూ ఏమీ చేయనట్టు.
తను మాత్రం ముక్కు నిండా మట్టితో,
ఖాళీ సంచిలాంటి పొట్టతో,
సీసా కింద నోరు తెరిచి ఉంది.
చుక్కలు పదిహేనుకి పెంచాను.
గుడ్లు ముప్ఫై ఒకటి. అన్నీ వట్టివే.
రిజిస్టరులో: తల్లి క్షేమం.

మధ్యాహ్నం కొమరగిరిపట్నం వెళ్ళి
నూట పది రూపాయలకి ఇనప గడియ కొన్నాను.
స్క్రూలు కుదరలేదు, మేకులే కొట్టాను.
లోపలి వైపు.