రెండు అరటికెట్లు

కడప విమానాశ్రయంలో తనిఖీ చేసే పిల్ల
నా సంచిలోంచి టికెట్ల పంచ్ తీసి పక్కన పెట్టింది.
ఇనుము సార్, లోపలికి పోనీము, అనింది.
ఇరవై రెండేండ్లు రాజంపేట డిపోలో
ఎవరినీ పొడవని పంచ్ అది.
పాత టికెట్ల కట్ట మాత్రం ఉంచుకోమనింది.
పసుపువి, ఎర్రవి, రూపాయిన్నరవి,
మిషన్లు వచ్చినాక చెల్లని కాగితాలు.

ఇంక పిల్లోల్లు.
జశ్వితకు తొమ్మిది, పెంచల సాయికి ఐదున్నర.
కిటికీ కోసం మెట్ల మీదే మొదలైంది కొట్లాట.
బస్సయితే నాకు తెలుసు,
ఒకర్ని బానెట్టు మీద, ఇంకొకర్ని డ్రైవరు ఎనక.
ఈడ బానెట్టు లేదు. డ్రైవరేమో తలుపేసుకున్నాడు.
చెనిక్కాయ ఉండలు
విమానం కదలకముందే అయిపోయినాయి.
రెక్క కింద ఫ్యాను తిరిగితే చిన్నోడు
"దీనికి గూడా ఉక్కపోస్తాందా మామా?" అన్నాడు.

నేల వదలగానే
వాని చెవులు మూసుకున్నాయి, గొంతు తెరుచుకుంది.
ముందు సీటాయన రెండుసార్లు తిరిగి చూసినాడు.
నిమ్మబిళ్ల నోట్లో పెట్టి, కట్ట చేతిలో పెట్టి
"కండక్టరువి నువ్వు.
ఏడుస్తా టికెట్లు కొట్టే కండక్టరును చూసినావా యాడన్నా?" అన్నా.
ముక్కు తుడుచుకున్నాడు.
పంచ్ లేదు గదా,
పంటితో కొరికి చిల్లు పెట్టినాడు.

వానికి టికెట్లు, దానికి కిటికీ, నాకు స్టేజీలు.
కేకేసే గొంతు గాదు, చెవిలో చెప్పే గొంతు:
ఒంటిమిట్ట... ఒంటిమిట్ట దిగేవాళ్లు...
నందలూరు అనేలోపల రాజంపేట దాటిపోయింది.
చెయ్యేరు ఇసుక ఒక గీత.
నేను పోతా వస్తా అరిగిపోయిన దోవ
జశ్విత జడ రిబ్బనంత.
కోడూరు మామిడితోటలన్నా చూద్దామని వంగినా.
మబ్బు.

"ఇదేం ఊరు మామా?"
సర్వీసులో మొదటిసారి నోరు పెగల్లా.
వాళ్లే పెట్టినారు పేర్లు.
దూదిపల్లె. సబ్బునురగ క్రాస్.
గొర్రెలోళ్లపాళెం, చెయ్యెత్తితేనే ఆగుతాది.
పెరుగన్నంపేట.
ముందు సీటాయన ఈసారి తిరిగి చెయ్యి చాపినాడు:
"పెరుగన్నంపేటకొకటియ్యప్పా."
గాల్లోంచి ఐదొందల నోటు తీసిచ్చినాడు గూడా.
చిల్లర లేదని టికెట్టు ఎనక రాసిచ్చినాడు చిన్నోడు.
దిగేటప్పుడు అడగాలంట.
ఎవరు నేర్పినారో!

"మాకెంత టికెట్టు మామా?"
"మీకు అరటికెట్టు."
"అరటిపండు టికెట్టా?"
అది విరగబడి నవ్వింది, వాడు ఉడుక్కున్నాడు.
అర రా, సగం.
మీ అక్కదో సగం, నీదో సగం,
రెండూ కలిస్తే ఒక నిండు మనిషి.
జశ్విత నవ్వు ఆపి కిటికీకేసి తిరిగింది.
"అమ్మ పోయినప్పుడు వీనికి టికెట్టే లేదు గదా."

అవును.
మా సుబ్బరత్న కువైటుకు పోయేనాడు
వీడు దాని సంకలో ఉన్నాడు.
సంకలో వాళ్లకు మేము టికెట్టు కొట్టం.
మూడేండ్లు ఎవరి పిల్లోల్లనో ఆడించి
ఈ టికెట్లకు లెక్క పంపింది.
బస్సులో పిల్చకరావద్దన్నా,
నేను ఎట్ల పోయినానో చూడనీ, అని.
నేను చూసేది కొలత బద్ద మీద గీత.
వీడు ఆ గీత దాటింది అది చూడలా.

విమానం దిగతాంటే మళ్లీ చెవులు.
నిమ్మబిళ్లలు అయిపోయినాయి.
జశ్విత ఊరికే ఆవలించింది.
దాన్ని చూసి వాడు, వాన్ని చూసి నేను,
నన్ను చూసి ముందు సీటాయన.
టప్పుమని అందరి చెవులూ తెరుచుకున్నాయి.

కింద చెన్నై, అగ్గిపెట్టెలు గుమ్మరించినట్టు.
లాస్టు స్టేజీ అని నేను కేకేయల్ల. మర్చిపోయినా.
చిన్నోడు కట్టంతా వెతికి
ఎర్రది ఒకటి, నిండు టికెట్టు, చించి
జేబులో దాచుకున్నాడు.
ఎవరికిరా అంటే
"అమ్మకు. తిరుగు బస్సుకు."
చిల్లు పెట్టలేదే మరి?
"ఎక్కినాక కొరుకుతా."