చెదలు తినంగా మిగిలింది

ఏప్రిల్ ఇరవై మూడు, బడికి కడాపటి దినం.
చెంగల్రాయులు సార్ ఇనప బీరువా తెరిచి
తొమ్మిదో తరగతిని వరసగా నిలబెట్టినాడు.
"కండ్లు మూసుకోని ఒకటి తీసుకోండి.
ఎండ్లకాలం మీది, పుస్తకం బడిది.
పరీక్ష లేదు, ప్రశ్నల్లేవు,
జూన్లో తిరిగొస్తే చాలు."

మునిశేఖర్‌కు దిండంత లావుది దొరికి మొగం మాడ్చుకున్నాడు.
షాహీనాకు వంటల పుస్తకం. ఎంత నవ్వినామో.
నాది అట్ట ఊడిపోయింది,
మొదటి పేజీలో ఎవరిదో పెన్సిలు లెక్క:
బియ్యం నాలుగు కేజీలు, చింతపండు, సబ్బు.

దామలచెరువులో మే నెల చదివే నెల కాదు.
తెల్లారక ముందే మండీల ముందర ట్రాక్టర్లు,
నాయన కాటా దగ్గర,
అమ్మ కాయలేరే ఆడోళ్ళలో.
మంచి బేనీషా ఒక పక్క, మచ్చ పడింది ఒక పక్క,
మెత్తబడింది జ్యూస్ ఫ్యాక్టరీకి.
నా పని ట్రేలలో పాత పేపర్లు పరవడం.
పరిచే ముందు చదివేదాన్ని –
పోయినేడాది వానలు, పోయినేడాది ధరలు,
సగం చినిగిన రాశిఫలాలు.
"పేపరు కాయ కిందికి పాపా, కంటికి కాదు"
మేస్త్రీ అరుపు.

మధ్యాన్నం కరెంటు పోతే
ఖాళీ ట్రేల నీడలో పుస్తకం తెరిచేదాన్ని.
వేళ్ళకు మామిడి సొన.
తిప్పిన ప్రతి పేజీ మూలా ఒక జిగట మరక.
కత ఒక పోస్టుమ్యాన్‌ది.
ఒక ముసిలామెకు ఇయ్యాల్సిన జాబును
పన్నెండేండ్లు సంచిలోనే మోసినవాడు.
రాత్రిపూట మిద్దె మీద, చదివినంత మటుకు
అమ్మకు చెప్పేదాన్ని.
అమ్మకు చదవను రాదు, "ఊ" కొట్టను వచ్చు.

నూట నాలుగో పేజీలో
వాడు ఆమె ఇంటి ముందర సైకిలు ఆపినాడు,
స్టాండు వేసినాడు.
ఆ తర్వాత లేదు.
పదహారు పేజీలు చెదలు తినేసి
మట్టి గీతలు వదిలిపోయినాయి.
అవి కూడా అక్షరాల మాదిరే ఉన్నాయి,
కొంచేపు చదవబోయినాను.

కృష్ణగిరి లారీ డ్రైవరు పెరుమాళ్ అన్నాడు:
"లోపల డబ్బుండాది, వాడు తినేసినాడు."
నాయన అన్నాడు:
"ఇయ్యడబ్బా. ఉద్యోగం పోతాది. నేనైనా ఇయ్యను."
అమ్మ రెండు దినాలు ఏమీ అనలేదు.
మూడో రాత్రి, నిద్రపోయిందనుకున్నాక,
"ఇచ్చింటాడు లే" అనింది.
"ఆ యమ్మకు చదవను రాదు కదా.
నువ్వే చదువు నాయనా అనింటాది.
పన్నెండేండ్లు దాచిందాన్ని
వాడి నోటితో వాడే చదవాల్సొచ్చింటాది."
అనేసి అటు పక్కకు తిరిగి పడుకునింది.
నాకు తెల్లారిందాకా నిద్ర పట్టలేదు.

జూన్లో పుస్తకం ఇస్తే
సార్ ప్రశ్నలేం అడగలేదు.
పేజీల అంచు వాసన చూసి
"బేనీషానా?" అన్నాడంతే.

ఇంటర్ రెండో ఏడాది, చిత్తూరు లైబ్రరీలో
అదే పుస్తకం. అట్టతో సహా.
కూర్చోను ఓపిక లేక
నిలబడే చదివినాను ఆ పదహారు పేజీలు.
వాడు తలుపు తట్టడు.
సైకిలు తిప్పుకోని పోయి
జాబును ఏట్లో వదిలేస్తాడు.
నీళ్ళు బాగా రాసినాడు, వెన్నెల బాగా రాసినాడు.
పుస్తకం ఉన్నచోటే పెట్టేసి బస్సెక్కినాను.

మండీలో తోతాపురి దిగుతా ఉంది.
అమ్మ తల ఎత్తకుండానే అడిగింది
"ఆ పోస్టోడి కత దొరికిందా? కడాకు ఏమాయ?"
"నువ్వు చెప్పినట్టే ఉంది మా."
"అంతే కదా మరి, ఇంగేముంటాది" అని
ఖాళీ ట్రే ఒకటి నా పక్కకు తోసింది.
"పేపరు పరువు."