తాళంచెవుల చిట్టా

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కాలేజీ తాళాలు నావే.
విస్కాన్సిన్ చలికి ఇత్తడి కూడా ముడుచుకుంటుంది,
జనవరిలో సగం తలుపులు నన్ను పిలుస్తాయి
కాస్త గ్రాఫైట్ పొడి కోసం.
బేస్‌మెంట్‌లో నా గోడకి నిజంగానే చెవులున్నాయి,
నాలుగు వందల పదహారు.

చదువు నాకు పెద్దగా అబ్బలేదు.
టెన్యూర్ అంటే ఏమిటని మనవరాలు అడిగితే
చిట్టా తీసి చూపించాను:
ఈ గడిలో చెవి ఇచ్చిన తేదీ,
పక్క గడిలో తిరిగి తీసుకున్న తేదీ.
కొందరికి రెండో గడి ఖాళీగా ఉంటుంది.
అంతే.

కయోడె ఓయెలరాన్‌కి పదకొండు వరుసలున్నాయి.
ఆగస్టులో తీసుకుంటాడు, మేలో ఇచ్చేస్తాడు,
కవరు మీద పేరు ప్రతిసారీ
కొత్తవాడిలా పూర్తిగా రాసి.
మూడు ఊళ్లు, మూడు కాలేజీలు,
కారు డిక్కీయే పుస్తకాల అలమర.

వెర్నా లిండ్‌క్విస్ట్‌ది ఒక్కటే వరుస.
ఓటు పడ్డ సాయంత్రం కారిడార్‌లో కేకు కోసి
నాకూ ఒక ముక్క పెట్టింది.
నాలుగేళ్లకి
నది అడుగు బురదలో పాదరసం లెక్క బయటపెట్టింది.
నది పక్కన కాగితం మిల్లు.
ఆమె ప్రయోగశాల ఉన్న భవనం మీద పేరూ మిల్లుదే.

ఆ సోమవారం డీన్ గారు స్వయంగా కిందికి దిగొచ్చారు,
తుడుచుకోని బూట్ల మంచు నా నేల మీద కరుగుతుంటే.
"రెండు వందల పద్నాలుగు తాళం మార్చడానికి ఎంతసేపు?"
పన్నెండు నిమిషాలన్నాను.
కాగితం ఉందా అన్నాను.
ఆయన నా గోడ కేసి చాలాసేపు చూశారు
అందులో ఒక్కటీ తనది కానట్టు.
కాగితం పుట్టాలంటే విచారణ కావాలట, సాక్షులు కావాలట,
ఒక కారణం కావాలట.
మిల్లుకి కోపమొచ్చింది అన్నది
ఆ కారణాల్లో లేదట.

ఆ పన్నెండు నిమిషాలు
ఏడేళ్లుగా నా దగ్గరే ఉండిపోయాయి.

మూడు వందల పదిలో ఇంకొకాయన ఉన్నాడు,
తలుపు తీసి ఎన్నాళ్లయిందో సాలీడునడగాలి.
ఆయన రెండో గడీ ఖాళీయే.
ఆయన్ని కాసే తాళమే ఆమెనీ కాసింది,
దానికి నేనేం చెయ్యను.

మొన్న మేలో ఓయెలరాన్ కవరు ఇవ్వబోతూ ఆగాడు.
వెర్నా కంటే రెండేళ్ల ముందే
పిల్లలతో ఆ బురద తవ్వించాడట.
అవే అంకెలట.
"మరి చెప్పలేదేం?"
ఆయన కవరు కేసి చూశాడు.
నేనూ చూశాను.

ఆయన వెళ్లాక తేదీ వేశాను, మే పదహారు.
కొక్కేనికి తగిలించేదాకా
చెవి వెచ్చగానే ఉంది.