జానెడుకు రెండు వేళ్లు తక్కువ

సోమశిల రేవుకు ఆ బోటు లారీ మీద వచ్చింది,
తెల్లగ, పెండ్లి పిల్లగాని బూట్ల లెక్క.
ఎక్కడో సముద్రం పక్కన
దొరలు షికారు తిరిగిందంట.
వేలంల కుర్మయ్య పాడిండు.
రెండెకరాల మిర్ప పైసలు, మీద అప్పు.

దాంతోని వచ్చిన ఇంజను మేస్త్రి
ఎన్క భాగాన్ని అమరం అన్నడు.
మాకు తెల్వని మాట. మేం ముడ్డి అంటం.
"అమరమే గదా, కోస్తె సస్తదా?" అని అడిగిన.

కొల్లాపూర్ బస్టాండు ఎన్క నా వెల్డింగ్ షాపు.
ట్రాలీలు, గేట్లు, బోరు పైపులు,
ఒకపారి పీర్ల చావిడికి తలుపు.
నీళ్ల మీద తేలేదానికి నిప్పు పెట్టుడు
ఇదే మొదలు.

బోటు చెడ్డది గాదు.
ఎన్క మాత్రం రొమ్మెత్తు గోడ.
ముక్కు ఒడ్డుకు పెడ్తె బురదల కూసుంటది,
అడ్డం పెడ్తె అల దాన్ని రాయికేసి కొడ్తది.
ఎన్కకు మలిపి కడ్తెనే నిలుస్తది,
నిలిస్తె గోడ.
పలక మీద నడిచి, గోడెక్కి, లోపలికి దుంకాలె.
పోరగాళ్లు దుంకిన్రు.
మేకలు దుంకినయి.
ఈదమ్మ దుంకలే.

ఇద్దరు రెక్కలు వట్టి లేపబోతే
"నేనేమన్న వడ్ల బస్తానా?" అన్నది.
చేపల గంప పక్కకు పెట్టుకొని
బోటు పొయ్యేదాంక సూసింది.

సుద్దముక్కతోని గీత గీసి గోడ కోసిన.
నిప్పురవ్వలు కృష్ణల పడి సుయ్యిమన్నయి.
మొదటి మెట్టు అడుగెత్తు పెట్టిన, లారీ మెట్టు కొలత.
ఈదమ్మ కాలు పెట్టింది, తీసింది.
"మా ఇంటి మెట్లెక్కినన్ని దినాలు
నాకు మోకాలున్నదని తెల్వలే."
ఏ ఇల్లంటె
గదుమతోని ఏటి నడిమిట్లకు చూపెట్టింది.

మే నెల. నీళ్లు ఎన్కకు పోయినయి.
నెర్రెలిచ్చిన ఒండ్రు మీద ఆమె ముంగట, నేను ఎన్క.
గోడల్లేవు. బజార్లు లేవు.
ఆమె మాత్రం సక్కగ నడిచి
లేని మూలకాడ కుడికి మలిగింది,
లేని గడపకాడ వంగింది తల తగలకుండ.
మూడు బండలు, ఒకదాని మీదొకటి,
అంచుల్ల నత్తగుల్లలు.
ఎక్కి నిలవడ్డది.
ఆ తర్వాత ఆకాశమే.

టేపు షాపుల మరిచి వచ్చిన.
చెయ్యి పెట్టి కొలిచిన:
జానెడుకు రెండు వేళ్లు తక్కువ.

గుండు సున్న గీసినట్టు కుదరలే పని.
ఒకపారి మెట్లు పంకకు తగిలినయి,
ఒకపారి నలుగురెక్కంగనే అమరం మునిగి
నీళ్లు ఇంజను దాంక వచ్చినయి.
కుర్మయ్య మూడు దినాలు నాతోని మాట్లాడలే.
కింద రెండు నీలం డ్రమ్ములు కట్టిన.
లారీ డాలా బందులతోని మెట్లు వేలాడదీసిన,
ఏరు ఎంత దిగితే అంత దిగేటట్టు.
రెండు మూలలకు ఇరిగిన ఇరుసు ముక్కలు అతికిన,
మోకులు రెండు దిక్కుల గుంజి కడ్తె
పాలు పిండేటప్పటి బర్రె లెక్క
బోటు కదలక నిలవడ్డది.

ఆనకాలం ఏరు నిండినంక ఈదమ్మ వచ్చింది.
గంప నెత్తిన్నే ఉన్నది.
ఒకటి. రెండు. మూడు.
నేను అంత సోకుగ వంచిన పైపు కడ్డీని
పట్టుకోనే లేదు.
లోపల కూసున్నది, పైట సర్దుకున్నది.

కుర్మయ్య నా దిక్కు సూసిండు.
నేను ఆమె దిక్కు సూసిన,
ఏమన్న అంటదేమోనని.

"ఇనుము కాలుతుందయ్యా," అన్నది.
"మా బండ సల్లగుండె."

ఇగో, పాత టైరు కోస్తున్న
మూడు ముక్కలు.
కుర్మయ్య ఖర్చు రాసుకుంటుండు.