ఎడమచేతి వాటం

ఖాజాగూడ గుట్ట మీద ఎండ దిగుతుంటే
చిన్నాయన చేతికి నా ఫోనిచ్చాను.
కాయలు కాసిన ఆ బొటనవేలిని
ఫోను గుర్తుపట్టదు.
బొమ్మ బొమ్మకీ నేనే జరపాలి.

టైల్స్ కంపెనీ పంపితే
సిసిలీలో పదిరోజులున్నాను.
ఖాళీ దొరికిన ఒకే ఒక్క ఆదివారం బస్సెక్కి
సముద్రం ఒడ్డున పడిపోయి ఉన్న
గ్రీకుల గుళ్ళు చూసొచ్చాను.

"ఏ దేవునియి?"
ఎవరికీ గట్టిగా తెలీదు చిన్నాయనా,
అందుకే గుడికో అక్షరం పెట్టుకున్నారు,
మన బస్తీ గోడల మీద సర్వేవాళ్ళు
ఎర్రరంగుతో నంబర్లు వేసిపోయినట్టు.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
మా ఇల్లు నలభై ఏడు.

ఊరి పేరేమో ఒక ఆకు పేరట.
కొత్తిమీరకు చుట్టం, అదే మొలుస్తుందట.
"మన చింతల్ లెక్క" అన్నాడు,
అంతదూరపు ఊరు
ఒక్క మాటతో సిటీ బస్సు రూట్లో పడింది.

భూకంపానికి ఒరిగిన స్తంభాలు
కోసి పరిచిన ముల్లంగి చక్రాల్లా
వరసగా గడ్డిలో.
"ఊఁ" అన్నాడు.
సముద్రం.
"గింత నీలమా" అన్నాడు.
నేను మురిసిపోయి తీసుకున్న సూర్యాస్తమయానికి
ఏమీ అనలేదు.

తర్వాతి బొమ్మకు
"ఆగు" అన్నాడు.

గుళ్ళకు నాలుగు కోసుల అవతల రాతిగని అది.
నేలలోనే నిలబడి ఉంది
గుండ్రటి స్తంభపు తునక.
పైన చెక్కారు, చుట్టూ చెక్కారు,
అడుగు మాత్రం ఇంకా భూమిదే.
చుట్టూ మనిషి ఒదిగేంత సందు.
అందులోకి దిగి నిలబడ్డాను,
రెండు మోచేతులూ రాయికి గీసుకున్నాయి.

"మెత్తటి రాయి. మన బండైతే ఉలి ఏడుస్తది."
బొమ్మను పెద్దది చేసిచ్చాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు.
"గీ గీతలు సూడు బిడ్డా,
అన్నీ ఇటే వాలినయ్.
గీన ఎడమచేతోడు."

అక్కడి బోర్డు మీద యుద్ధం ఉంది,
సంవత్సరం ఉంది, రాయి బరువు టన్నుల్లో ఉంది.
ఈ మాట లేదు.

"మరి ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?"
శత్రువుల సైన్యం వచ్చి పడిందట.
ఆ పూట ఆగిన పని
రెండువేల నాలుగువందల ఏళ్ళుగా ఆగే ఉంది.
చిన్నాయన గడ్డం గోక్కున్నాడు.
"ఆ వారం కూలి ముట్టిందా?"

తెలీదన్నాను.
గైడును అడగాలని కూడా
నాకు తట్టలేదు.

లేచి నడిచాడు. వెనకే నేను.
తాళ్ళు కట్టుకుని బండలెక్కే పిల్లల్ని దాటి,
ఎవరో తాగి పగలగొట్టిన సీసా దాటి,
ఒక గుండు దగ్గర ఆగాడు.
దాని వీపు మీద వరసగా పదకొండు బెజ్జాలు,
పన్నెండోది అరంగుళం.
నాకు ఆరేళ్ళప్పుడు
ఇక్కడ రాయి కొట్టొద్దని జీపు వచ్చిన పొద్దు అది.
సద్దిగిన్నె నా చేతిలోనే ఉంది,
ఆయన సమ్మెట అట్లాగే దించాడు.
ఏ సైన్యమూ రాలేదు,
కాగితం ఒకటి వచ్చింది.
గుట్ట మిగిలింది, అదీ మంచిదే.
మాకే ఆ ఎండాకాలం గడవలేదు.

బెజ్జాల్లో వాన నీళ్ళు,
ఒకదాంట్లో మునిగిన చీమ,
నీళ్ళలో వణుకుతూ
ఎదుటి అద్దాల టవరు ముక్క.

పన్నెండోదాంట్లో బొటనవేలు పెట్టి
మట్టి తీశాడు.
తర్వాత నేనున్నానన్నది మరిచి
ఒంగి, మోచేతులు దగ్గరికి ముడుచుకుని,
సందులో ఉన్నవాడిలా,
లేని సుత్తెను ఎడమచేత్తో ఎత్తి
ఒక్క దెబ్బ వేసి చూశాడు.

"కష్టమే" అన్నాడు.
మళ్ళీ ఎత్తాడు.