కుడిచేతి బల్ల

బ్రేమర్‌హాఫెన్‌లో నవంబరు తెల్లవారదు,
నలుపు కాస్త పలచబడుతుంది, అంతే.
నాలుగున్నరకే చేపల హాల్లో దీపాలు.
రబ్బరు బూట్లలోకి కాళ్లు, మంచుముక్కల్లోకి వేళ్లు.

యోరీనా హేరెన్ మే నెలలో చేరింది.
ఆరు నెలల ప్రొబేషన్.
ఆలోపు ఎవరినైనా రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు,
కారణం రాయక్కర్లేదు.
చట్టం అంతవరకే మాట్లాడి
తన కుర్చీలో తాను కూర్చుంటుంది.

ఇంకా నాలుగు రోజులుందనగా
టీడెమన్ నా బల్ల మీద కాగితం పెట్టాడు,
చేప రక్తం అంటని మూల చూసి మరీ.
గంటకి నలభై కిలోలు రావాలి,
ఆమెకి ముప్పై ఒకటి.
లైను పెద్దగా నా సంతకం కావాలి.

లెక్క అబద్ధం కాదు.
అదే నా ఇబ్బంది.

మూడో వారంలోనే చూశాను నేను.
ఆమెది పుర్రచేతి వాటం.
మా బల్లలకి తొట్టి కుడివైపు, ముళ్లు జారే గాడీ కుడివైపే.
ప్రతి చేపకీ మణికట్టు ఒకసారి మెలితిప్పుకునేది,
ఇరుకు సందులో గొడుగు మూసినట్టు.
రేపు చెబుదామనుకున్నాను.
రేపు హెర్రింగ్ లారీలొచ్చాయి.
ఆ తర్వాత నా సెలవులు, ఆ తర్వాత నా మోకాలు.

ఐదో నెలలో ఆమె రేగుపళ్లంత చిన్న ప్లమ్ పళ్లతో
కేకు చేసి తెచ్చింది.
"బాగానే చేస్తున్నానా?" అని అడిగింది.
నోటినిండా కేకుంది నాకు.
"ఫర్వాలేదు" అన్నాను.
ఆ మాట కన్నా పిరికి మాట మా భాషలో లేదు,
ఏ భాషలోనైనా ఉందో లేదో తెలియదు.

కార్మికుల సంఘం తరఫున ఓనో వచ్చాడు.
అతనికి వినే హక్కుంది, ఆపే హక్కు లేదు.
కాగితం రెండుసార్లు చదివి
"ఆమెకి ఎవరైనా చెప్పారా?" అన్నాడు.
"చెప్పాల్సిన పని లేదు" అన్నాడు టీడెమన్.
"పనుందా అని అడగలేదు."
ఇద్దరూ నావైపు చూశారు.
నేను చేతి తొడుగు విప్పుకుంటూ ఉండిపోయాను,
ఒక్కో వేలూ, ఒక్కో వేలూ.

సంతకం పెట్టాను.

యోరీనా ఏడవలేదు.
కత్తి కడిగి, తుడిచి, పిడి నావైపు తిప్పి ఇచ్చింది.
"నలభై అని ఎక్కడ రాసుంది?" అని అడిగింది,
నిజంగానే గోడలవైపు చూస్తూ.
ఎక్కడా రాసి లేదు.
మాకందరికీ తెలుసు కాబట్టి
ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆమె వెళ్లిన శుక్రవారం
మెకానిక్‌ని పిలిచి తొట్టి ఎడమవైపుకి మార్పించాను.
రెండు బోల్టులు, ఒక గొట్టం.
గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.
పదకొండు నిమిషాలు పట్టింది.

ఆరు నెలలు ఆమెని పరీక్షించాం అనుకున్నాం.
పరీక్షలో కూర్చున్నది ఒక్క ఆమేనా?
ఈ మాట టీడెమన్‌తో అనలేదు. ఎవరితో అన్నా
పదకొండు నిమిషాలు వెనక్కి రావు.

సోమవారం కొత్త కుర్రాడొచ్చాడు, టామో.
బూట్లు ఇవ్వకముందే అడిగాను
ఏ చేత్తో రాస్తావని.
కుడి, అన్నాడు బెదురుగా,
అదేదో తప్పయినట్టు.

మెకానిక్ గొణుక్కుంటూ మళ్లీ బోల్టులు విప్పాడు.
నేను సుద్దముక్క తీసుకుని
గోడ మీద, ఎదురుగా కనబడేలా
నలభై అని రాశాను.
తడి గోడ.
రోజూ రాయాలి.