నమ్మిన చోట్లు

వాల్దివియాలో వాన ఈ వారం కూడా ఆగలేదు.
భూకంప కేంద్రం నేలమాళిగలో
నాలుగు యంత్రాల మధ్య రాయెన్.

లాప్‌టాప్‌లో, లినక్స్ మీద,
ప్రోగ్రాము నిన్ననే నడిచింది
మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా.
"నడిచింది అనకు,
నీ దగ్గర నడిచింది అను" అంటాడు అన్సెల్మో.
ముప్ఫై ఏళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాడు.

బీఎస్‌డీ మొదటి పంక్తిలోనే తలుపేసుకుంది.
బ్యాష్ ఉంటుందనుకున్న చోట బ్యాష్ లేదు.
సెడ్ అదే సెడ్,
చిన్న ఐ తగిలిస్తే మాత్రం
వెనక ఇంకో మాటేదని నిలదీస్తుంది.
తోడికోడళ్ళు.
వంటిల్లు ఒకటే,
ఉప్పు డబ్బా ఎక్కడుందో
ఒకరు చెప్పింది ఇంకొకరికి చెల్లదు.

మూలన పాత సోలారిస్ పెట్టె.
దాని పంకా చప్పుడు
చేపల బజారు గట్టున సముద్ర సింహాల గురక.
దానికి పెద్ద బైటు ముందు,
లాప్‌టాప్‌కి చిన్నది ముందు.
అంకెలు వెనక్కి నడుస్తాయని
మన శాసనాల్లో ఏళ్ళు చెక్కినవాళ్ళకి తెలుసు.
రాయెన్‌కి ఆ రాత్రి తెలిసింది:
కొండ మీంచి వచ్చిన మూడు,
టీ కప్పు కూడా కదలని మూడు,
సోలారిస్ తెర మీద
ఐదు కోట్ల మూడు లక్షల
ముప్ఫై ఒక్క వేల ఆరువందల నలభై ఎనిమిది.

నవ్వింది.
నవ్వు సగంలో ఆగింది.
అరవైలో ఇదే ఊళ్ళో
నేల నీళ్ళలా కదలడం చూసింది వాళ్ళ అమ్మమ్మ.

ఏ ఎండకా గొడుగు పట్టింది ముందు:
ఇది లినక్సయితే, ఇది సోలారిసయితే, కాకపోతే.
పదకొండు గొడుగులు.
అన్సెల్మో కళ్ళజోడు తుడుచుకుని
"ఇన్నింటి కింద దారెక్కడ?" అన్నాడు.

తీసేసింది, ఒక్కొక్కటే.
ప్రతి బైటునీ చేత్తో జరిపి
నువ్వు ముందు, నువ్వు తర్వాత అని చెప్పింది
ఏ యంత్రాన్నీ పేరు అడక్కుండా.

తెల్లారుజామున కొండ మీది బొమ్మంత బోర్డు
ఫైలు చదువుతూ, చదువుతూ, ఇంకా చదువుతూనే ఉంది.
దాని అక్షరాలకి సున్నా కింద లోకం లేదు.
ముగింపుగా రాయెన్ పంపిన మైనస్ ఒకటి
దాని కంటికి రెండువందల యాభై అయిదు.
ముగిసిందని ఎవరూ చెప్పలేదు పాపం.
ఒక చార్ ఇంట్ అయింది.
ఆగింది.

నాలుగు తెరల మీదా ఒకే మూడు.
అన్సెల్మో చప్పట్లు కొట్టలేదు.
"ఐదోది ఇంకా తయారవలేదు" అని
గొడుగు లేకుండానే ఇంటికెళ్ళాడు.

ఆమె కూర్చుని ఫైలు పైన
ఒక్క వ్యాఖ్య రాసింది:
ఇక్కడ బైటుకి ఎనిమిది బిట్లని నమ్మాను.
నువ్వు వచ్చేసరికి అది తప్పయితే
మార్చాల్సింది ఈ చోటే.